చేపకు స్టే ఆర్డర్ రాదు

ఎండలు ముదిరి మాదాపూర్ గాలి ముక్కు మూయించే రోజుల్లో సైబరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక దర్యాప్తు మొదలవుతుంది. చెరువు ఎందుకు కంపు కొడుతోంది? పన్నెండో అంతస్తు బాల్కనీలో కాఫీ తాగేవాళ్ళకు నేరస్థుడు ఇట్టే దొరికిపోతాడు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్! తిలాపియా! దెయ్యం చేప! ఒకరు వీడియో పెడతారు, ఇంకొకరు 'విదేశీ చొరబాటుదారులు' అంటారు, మరొకరు శనివారం గాలాలు పట్టుకుని పోదాం పదండంటారు. టీషర్టు ఏ రంగుదైతే బాగుంటుందో ఓటింగ్ కూడా జరుగుతుంది. ఆ చెరువులో కలిసే మురుగు ఎవరి గొట్టంలోంచి దిగుతోందన్న ప్రశ్నకు మాత్రం ఓటింగ్ ఉండదు.

చొరబాటుదారులట! వీటిలో చాలావాటిని మనమే బొట్టుపెట్టి పిలిచాం. గంబూసియా 1928లో ఇటలీ నుంచి వచ్చింది, దోమపిల్లల్ని తింటుందని. తిలాపియా 1952లో వచ్చింది, పేదవాడికి చవగ్గా చేప దొరుకుతుందని. బంగారు తీగ అని మనం ముద్దుగా పిలుచుకునే కామన్ కార్ప్‌లో ఒక రకం 1939లో, ఇంకో రకం 1957లో వచ్చాయి. ప్రపంచంలో అత్యంత హాని చేసిన 100 ఆక్రమణ జీవులంటూ ఐయూసీఎన్ నిపుణులు వేసిన జాబితాలో ఈ ముగ్గురికీ చోటుంది. మన చెరువుల మీద పరుచుకున్న గుర్రపుడెక్క కూడా అందులోనే ఉంది. మన దగ్గర మాత్రం గంబూసియాను ఇప్పటికీ జీహెచ్ఎంసీ వాళ్ళు దోమల మందుగా చెరువుల్లో వదులుతారు. 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకంలో కట్ల, రోహులతో పాటు బంగారు తీగా నీళ్ళలోకి దిగుతుంది. ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఒక ప్లాస్టిక్ సంచి, లోపల చేపపిల్లలు, సంచిని పట్టుకున్న పది చేతులు. చేపల్ని తప్ప అందరూ కెమెరానే చూస్తుంటారు.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాత్రం కాగితాలు లేకుండా బంగ్లాదేశ్ దారిలో వచ్చింది. దీన్ని పెంచొద్దు, ఉన్నవాటిని నాశనం చెయ్యండని 1997లోనే కేంద్రం చెప్పింది. ఇప్పటికీ ఏదో ఒక మండలంలో క్యాట్‌ఫిష్ గుంటల మీద అధికారులు దాడి చేశారనీ, కోడి వ్యర్థాలు మేపుతున్నారనీ వార్త వస్తూనే ఉంటుంది. నిషేధం వయసు ఐటీ కారిడార్‌లో సగం మంది ఉద్యోగుల వయసంత ఉంటుంది, చేప ఆరోగ్యం మాత్రం దివ్యంగా ఉంది.

ఇక దెయ్యం చేప. దీని ప్రయాణం నేరుగా మన డ్రాయింగ్ రూముల్లోంచే. అక్వేరియం అద్దానికి పట్టిన పాచి తింటుందని వేలెడంత ఉన్నప్పుడు కొంటారు. అది అద్దాలు తుడిచే పని మానేసి అడుగు పొడవు పెరుగుతుంది. ఈలోగా వీసా వస్తుంది. సోఫాను ఓఎల్ఎక్స్‌లో పెడతారు, ఫ్రిజ్‌ను తోడల్లుడికిస్తారు, కుక్కను అత్తగారింట్లో దింపుతారు. చేపను మాత్రం భూతదయ పొంగి, పిల్లల చేత టాటా చెప్పించి, దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. పుణ్యానికి పుణ్యం, లగేజీ బరువు తగ్గడం అదనం. మన ఊళ్ళోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్ఏ ఆనవాళ్ళను బట్టి వెతికితే, తూర్పు కనుమల జలాశయాల్లో 60 శాతం దాకా దీని జాడ కనబడింది. ఇంతమంది పుణ్యాత్ములున్న దేశం మనది.

ఆ పుణ్యం ఎవరి నెత్తిన పడుతుందో వల లాగేవాడికి తెలుసు. దెయ్యం చేప ఒంటికి పొలుసుల బదులు గట్టి ఎముక పలకలుంటాయి. వీపు మీద, పక్కల రంపపు ముళ్ళు. వలలో పడిందంటే అటు తిరిగి ఇటు తిరిగి ఆ ముళ్ళను వల కళ్ళకు మెలివేసుకుంటుంది. చేత్తో లాగితే చెయ్యి చీరుకుంటుంది, వల విదిలిస్తే ఇంకా బిగుసుకుంటుంది. కట్ల అయితే ఒక్క విదిలింపుకు ఊడివస్తుంది. దీన్ని విడిపించాలంటే కత్తితో వల కన్నును కొయ్యాల్సిందే. కిలో పది రూపాయలకు కూడా ఎవరూ కొనని చేప కోసం మంచి వలను కోసుకోవడం, ఆ సాయంత్రం గట్టున కూర్చుని దారంతో అల్లుకోవడం. గట్టున గుట్టగా పోసినా గంటల తరబడి బతికే ఉంటుంది, కడుపుతోనే గాలి పీలుస్తుంది కాబట్టి. నీళ్ళలో ఉండగా గట్టునే తొలిచి గుడ్లు పెడుతుంది. గట్లు మిగలని చెరువులో ఎక్కడ పెడుతుందో మరి, రిటైనింగ్ వాల్ కట్టిన కాంట్రాక్టరును అడగాలి.

పరదేశి చేప పాపం చెయ్యదని నేననడం లేదు. చేస్తుంది. చిన్న చేపల్ని తింటుంది, గుడ్లు మింగుతుంది, బంగారు తీగ అడుగు బురదంతా కలియదున్నుతుంది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళను అడగండి, మన రాష్ట్ర చేప కొర్రమీను చుట్టాలతో అక్కడేం జరిగిందో చెబుతారు. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ దగ్గర ఒక కుంటలో ఆ జాతి చేప కనబడింది. దేశమంతా గోల. కుంటలో మందు కలిపి చంపేశారు. ప్రాణమున్న కొర్రమీను జాతి చేపలేవీ దేశంలోకి రాకూడదని ఆ ఏడే నిషేధం పెట్టారు. ఇక్కడ మృగశిర రోజున నాంపల్లి మైదానంలో చేపమందుగా గొంతులోకి దిగే చేపకు అక్కడ వీసా లేదు. అంతా చేసీ ఏమైంది? అదే జాతి పొటోమాక్ నదిలో హాయిగా కాపురం పెట్టింది. చివరికి 2024లో మేరీలాండ్ చట్టసభ దానికి 'చెసాపీక్ చన్నా' అని కొత్త పేరు పెట్టి, దయచేసి తినండని జనాన్ని బతిమాలుకుంది. మందుతో పోనిది మన శనివారం గాలాలతో పోతుందా?

పైగా మన చెరువుల సంగతి వేరు. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు దుర్గం చెరువు. ఇప్పుడు దాని మీద 2020లో తెరిచిన తీగల వంతెన, రాత్రుళ్ళు రంగుల దీపాలు, కింద నురగ. మురుగు చేరిన నీటిలో నాచు ఎక్కువవుతుంది, తెల్లవారుజాముకు ఆక్సిజన్ అడుగంటుతుంది. అప్పుడు రోహు చస్తుంది, కట్ల చస్తుంది. గాలి పీల్చగలిగిన క్యాట్‌ఫిష్, దేన్నైనా తట్టుకునే తిలాపియా మిగులుతాయి. మిగిలినవాటిని చూపించి మిగతావాటిని చంపింది ఇవేనంటే, ప్రమాదంలో బతికి బయటపడ్డవాడి మీద కేసు పెట్టినట్టే. తిలాపియా తల్లి గుడ్లను నోట్లో దాచుకుని పొదుగుతుంది. మీరు శనివారం రెండు బుట్టలు పట్టుకెళితే, ఖాళీ అయిన చోటును నింపడానికి దానికి మీ ఆఫీసు అప్రైజల్ సైకిలంత టైం కూడా పట్టదు.

నేరస్థుడిగా చేపను ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది లెండి. 2024 ఆగస్టు 24న తమ్మిడికుంటలో, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఎన్-కన్వెన్షన్ హాలును కూల్చిన రోజే హైకోర్టు స్టే ఇచ్చింది. భవనం పడిపోయాక వచ్చినా, వచ్చింది. దుర్గం చెరువు చుట్టూ ఇళ్ళకు నోటీసులంటిస్తే అదీ కోర్టు మెట్లెక్కింది. ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేల్చడానికి లాయర్లు, సర్వేయర్లు, పాత మ్యాపులు, కొత్త మ్యాపులు. చెరువులో నిజంగా ఫుల్ ట్యాంక్ లెవెల్ లోపలే ఉన్నది చేప ఒక్కటే. దానికి వకాలత్ రాసేవాడు లేడు.

చేపను పట్టడమే మందయితే, ఆ పని తరతరాలుగా చేస్తున్న గంగపుత్రులు, ముదిరాజులు ఉండనే ఉన్నారు. సుందరీకరణ పేరుతో వాకింగ్ ట్రాక్, కంచె, బోటింగ్ వచ్చాక వల భుజాన వేసుకుని గేటు దగ్గరికొచ్చినవాణ్ణి వాచ్‌మన్ ఆపుతాడు. ఆన్‌లైన్లో కొన్న కార్బన్ ఫైబర్ గాలంతో వచ్చిన సారుకు సెల్యూట్ కొడతాడు.

టీషర్టులు ఎలాగూ కుట్టించేశారు కాబట్టి నాదో మనవి. ఈ శనివారం చెరువు దాకా పోవద్దు. మీ సెల్లార్‌లోనే మురుగునీటిని శుద్ధి చేసే ఎస్టీపీ గది ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మోటారు తిరుగుతోందా, కరెంటు బిల్లు దండగని ఆపేశారా చూడండి. ఆపేస్తే ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో ప్లంబర్ను అడగండి, వాడు నిజం చెబుతాడు. తర్వాత ఆ మాటే అసోసియేషన్ మీటింగులో లేవనెత్తండి. లేవనెత్తినవాణ్ణి తెల్లారేలోగా గ్రూపులోంచి తీసేస్తారు. ఆ వేటలో మనవాళ్ళది అందె వేసిన చెయ్యి.