నక్కకు తాఖీదు

జపాన్‌ని గుప్పిట్లో పెట్టుకున్న తొయొతొమి హిదెయోషికి 1590ల్లో ఓ చిక్కొచ్చిపడింది. పెంపుడు కూతురు గో పురిటి తర్వాత మంచాన పడింది. ఎంతకీ లేవదు. నక్క పట్టిందన్నారు.

జపాన్ కథల్లో నక్క వట్టి నక్క కాదు. ఆడవేషం కట్టి కాపురాలు చేస్తుంది. మనిషి ఒంట్లో దూరి, అడిగింది పెట్టేదాకా కదలదు. వయసు మీరేకొద్దీ తోకలు పెరుగుతాయి, తొమ్మిది దాకా. వేయించిన టోఫూ అంటే పడిచస్తుంది. పైగా పంటల దేవుడు ఇనారికి దూత. ఆయన గుళ్ల ముందు నోట తాళంచెవి కరుచుకున్న రాతినక్కలు కనిపిస్తాయి. మాయవేషాల్లో దీన్ని మించింది ఒక్కటే, తనుకి. కుక్క జాతిదే. బానపొట్ట, అమాయకపు మొహం. నక్కకి ఏడు వేషాలొస్తే తనుకికి ఎనిమిదని సామెత. అయినా జనం భయపడేది నక్కకే. తనుకిని చూసి నవ్వుకుంటారు. ఆ ఎనిమిదో వేషం అదేనేమో!

ఇంకెవరైనా అయితే భూతవైద్యుణ్ణి పిలిపించేవారు. హిదెయోషి కాగితం తీసుకుని నేరుగా ఇనారి దేవుడికే రాయించాడు. సారాంశం ఇది: మీ నక్క ఒకటి మా పిల్లని పట్టి పీడిస్తోంది. కారణం విచారించి వెంటనే వెనక్కి పిలిపించుకోండి. లేదంటే ఏటేటా దేశమంతటా నక్కల వేట పెట్టిస్తాను.

తమాషా ఏమిటంటే, 1588లో తల్లి జబ్బుపడినప్పుడు ఇదే దేవుడి ముందు ఇదే మనిషి ప్రాధేయపడ్డాడు. మూడేళ్లు బతికించు తండ్రీ, కుదరకపోతే రెండేళ్లు, అదీ కాదంటే కనీసం ముప్ఫై రోజులు. ఆవిడ లేచి తిరిగింది. మొక్కు చెల్లిస్తూ 1589లో క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడికి కట్టించిన రెండంతస్తుల ద్వారం ఇప్పటికీ నిలిచే ఉంది. కొన్నేళ్లు గడిచేసరికి మొక్కు కాస్తా తాఖీదయింది. సామాన్యుడి ఇంట పుట్టి దేశాన్నేలే దాకా వచ్చినవాడు మరి, దేవుడు కూడా కిందిస్థాయి ఉద్యోగిలాగే కనపడి ఉంటాడు.

నక్క జడిసిందో, జ్వరమే దిగిందో, గో కోలుకుంది. ఆ తర్వాత నలభై ఏళ్లకు దగ్గరగా బతికింది.

1598లో హిదెయోషి తనే మంచం పట్టాడు. కొడుకు హిదెయోరికి అయిదేళ్లు. రాజ్యంలో అయిదుగురు పెద్దల్ని ఎంచి, పిల్లవాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నానని ఒకటికి నాలుగుసార్లు చెప్పి ప్రమాణాలు రాయించుకున్నాడు. వాళ్లలో గో భర్త హిదెయీ ఉన్నాడు. అందరికన్నా బలవంతుడు, తొందరంటే ఎరగని తొకుగావా ఇయెయసు కూడా ఉన్నాడు. అందరూ మాటిచ్చారు. హిదెయోషి కన్నుమూశాడు. పోయాక గుడికట్టి ఆయన్నీ దేవుణ్ణి చేశారు.

1600లో సెకిగహారా యుద్ధంలో ఇయెయసు గెలిచాడు. ఎదురు నిలిచిన హిదెయీ చివరికి హచిజో దీవికి ప్రవాసం పోయి, యాభై ఏళ్లకు దగ్గరగా అక్కడే ఉండి అక్కడే పోయాడు. 1603లో ఇయెయసు దేశాన్నేలే షోగన్ అయ్యాడు. ఆ ఏడే మనవరాలిని హిదెయోరికిచ్చి పెళ్లి చేశాడు. ఇచ్చిన మాట నిలుపుకున్నాడనే అనిపించి ఉంటుంది. 1615లో హిదెయోరి ఉంటున్న ఒసాకా కోటని ముట్టడించి పడగొట్టాడు. హిదెయోరి లోపలే ఆత్మహత్య చేసుకున్నాడు. అతని ఎనిమిదేళ్ల కొడుకుని వెతికి పట్టుకుని తల నరికించారు. హిదెయోషి దేవుడుగా కొలువైన గుడి కూడా మూతపడింది. తొకుగావా వంశం మాత్రం రెండున్నర శతాబ్దాలు దాటి ఏలింది.

ఇయెయసుకి జపాన్ జనం పెట్టుకున్న ముద్దుపేరొకటి ఉంది: ముసలి తనుకి.