అమ్మ నేర్పిన మర్యాదలన్నీ మరిచిపోయి రామెన్ తినండి

రామెన్ తినడం గురించి నేనిచ్చే సలహాలు తలకిందులుగా ఉంటాయని టోక్యో చూడ్డానికి వచ్చే మా వాళ్లందరిలో పేరు పడిపోయింది. నెమ్మదిగా తినకండి. తినేటప్పుడు మాట్లాడకండి. చప్పుడు చేయండి. పక్కవాళ్లకు పెట్టకండి. తినగానే లేచి వచ్చేయండి. "చిన్నప్పుడు మీ అమ్మ నేర్పిందంతా గంగలో కలిపావు కదరా" అంది మా మేనత్త. ఆ మాట నిజమే. అయినా వీటిలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. గిన్నె మన ముందుకొచ్చాక రామెన్‌కు ఉండే ఆయుష్షు మహా అయితే పది నిమిషాలు.

రామెన్ అంటే వేడి సూప్‌లో వేసిన నూడుల్స్. ఆ నూడుల్స్ గోధుమపిండివి. పిండి కలిపే నీళ్లలో కన్‌సుయి అనే క్షారం వేస్తారు, మన అప్పడాల పిండిలో క్షారం వేసినట్టే. ఆ లేత పసుపు రంగు, పంటికి ఎదురుతిరిగే ఆ బిగువు దాని వల్ల వచ్చినవే. వంటాయన సెకన్లు లెక్కపెట్టుకుని నూడుల్స్‌ను మరిగే నీళ్లలోంచి తీసి, నీళ్లు విదిలించి, పొగలు కక్కే సూప్‌లోకి జారుస్తాడు. ఉడకడం అక్కడితో ఆగదు. సూప్‌లో ఉన్నంతసేపూ అవి తడి పీలుస్తూనే ఉంటాయి. కాసేపటికి బిగువు పోయి ఉబ్బుతాయి. జపాన్ వాళ్లు దీన్ని 'నోబిరు' అంటారు, సాగిపోయాయని. నేను చెప్పబోయేవి చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచి పుట్టినవే.

అన్నిటికన్నా ముందు, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లకండి. మా అక్కా బావగారూ పిల్లలతో వచ్చినప్పుడు పేరున్న ఒక హోటల్‌కు ఐదుగురం బయల్దేరాం. నేనూ బావగారూ క్యూలో నిలబడితే, ఈలోగా పిల్లలకు పక్క వీధి చూపించి వస్తానంది అక్క. గంట తర్వాత వాళ్లొచ్చి మాతో కలవబోతే, హోటల్ కుర్రాడు బయటికొచ్చి చేతులు అడ్డంగా పెట్టాడు. నిలబడ్డవాళ్లకే చోటు. ఇద్దరు నిలబడి ఐదుగురికి చోటు పట్టడం అక్కడ ఒప్పుకోరు. అందరం వెనక్కి వెళ్లి మళ్లీ నిలబడ్డాం. లోపల ఐదు కుర్చీలు పక్కపక్కన ఖాళీ కాలేదు. అక్క ఒక చివర, పిల్లలు ఇంకో చివర. అక్క తన గిన్నె వదిలి చిన్నవాడికి తినిపించడానికి లేచింది. బావగారు అందరి గిన్నెలూ ఫోటోలు తీశారు. మేం నోట్లో పెట్టుకునేసరికి ఐదు గిన్నెల్లోనూ నూడుల్స్ ఉబ్బిపోయాయి. ఆ రోజు మేం రామెన్ తిన్నామని నేనిప్పటికీ ఒప్పుకోను. పిల్లల్ని బల్లలున్న మామూలు హోటల్‌కు తీసుకెళ్లండి, హాయిగా తింటారు. ఇలాంటిచోటికి మాత్రం ఒక్కరే వెళ్లండి.

పెద్ద హోటల్ అనగానే మనకు మెత్తటి సోఫాలు, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, వంగి నీళ్లు పోసే మనిషి గుర్తొస్తారు. అవేవీ ఆశించకండి. మేటి హోటళ్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే నక్షత్రాన్ని ప్రపంచంలో మొదటిసారి అందుకున్న రామెన్ హోటల్ త్సుతా. 2015 డిసెంబరులో వెలువడిన 2016 టోక్యో గైడ్‌లో దానికి ఆ గౌరవం దక్కింది. అప్పుడది సుగామో అనే పాత పేటలో తొమ్మిది కుర్చీల కొట్టు. జనం తాకిడి పెరిగాక, పొద్దున్నే వచ్చి వెయ్యి యెన్లు డిపాజిట్ కట్టి, టైము చీటీ తీసుకుని, మళ్లీ ఆ వేళకు రావలసి వచ్చేది. దాన్ని నిలబెట్టిన ఓనిషి యుకి 2022లో 43 ఏళ్లకే చనిపోయారు. త్సుతా తర్వాత ఒత్సుకాలోని నకిర్యుకూ, మరికొన్నిటికీ నక్షత్రాలొచ్చాయి. గిన్జాలోని హచిగో అయితే ఆరంటే ఆరు కుర్చీలు. ఫ్రెంచి వంటలో ఆరితేరిన షెఫ్ అక్కడ రామెన్ వండుతారు.

రామెన్ మొదటి నుంచీ సామాన్యుడి తిండి. 1910లో అసకుసాలో రైరైకెన్ తెరిచిన నాటి నుంచి చవగ్గా, వేడిగా, త్వరగా కడుపు నింపడమే దాని పని. గిన్నె ధర వెయ్యి యెన్లు, అంటే మన ఐదారు వందల రూపాయలు, దాటితే జనం రారన్న భయం అక్కడి వ్యాపారులకు ఎంతగా ఉందంటే, దానికి 'వెయ్యి యెన్ల గోడ' అని పేరే పెట్టుకున్నారు. పేరున్న హోటళ్లు ఆ గోడ దూకినవి. అదనంగా తీసుకున్న డబ్బు సోఫాలోకి, దీపాల్లోకి పోకుండా మంచి కోడిలోకి, ఏళ్ల తరబడి పులిసిన సోయా సాస్‌లోకి, ఇంట్లోనే మర పట్టిన పిండిలోకి వెళ్తుంది. ఆ హోటళ్లంటే నాకు గౌరవం అందుకే.

కడుపు కాలుతుండగా వెళ్లకండి. ఆకలి రుచెరుగదని మనవాళ్లు ఊరికే అనలేదు. గంటన్నర ఎండలో నిలబడ్డ కడుపు ఏది పెట్టినా అమృతమే అంటుంది. మీరు వెళ్లేది తేడా తెలుసుకోవడానికి కాబట్టి, బయల్దేరే ముందు ఒక అరటిపండు తినండి.

గుమ్మం దగ్గర టికెట్ మెషీన్ ఉంటుంది. ముందు డబ్బు వేసి, తర్వాత బటన్ నొక్కాలి. కార్డు మీద భరోసా పెట్టుకోకండి. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాక వాటిని మింగని పాత మెషీన్లు కూడా కొన్ని మిగిలాయి, జేబులో చిల్లర ఉంచుకోండి. ఏది తీసుకోవాలో తెలియకపోతే పై వరసలో ఎడమ చివరి బటన్ నొక్కండి. చాలా హోటళ్లలో వాళ్లకు పేరు తెచ్చిన గిన్నె అక్కడే ఉంటుంది. రెండు గుడ్లు, రెట్టింపు మాంసం, అన్నీ వేసిన పెద్ద గిన్నె వద్దు. ఖరీదైన చోట అన్నిటికన్నా చవకైనది తినమంటున్నానని ఆశ్చర్యపోకండి. గిన్నె అడుగున 'తారె' అనే ఉప్పటి సారం, దాని మీద గంటల తరబడి మరిగిన సూప్, పైన సువాసన నూనె. మన చారుకు పోపు ఎలాగో దానికి ఆ నూనె అలాగ. ఈ మూడిటి పాళ్లు కుదరడానికి వంటాయన ఏళ్లు పెట్టి ఉంటాడు. పైన నాలుగు రకాలు పోగేస్తే ఆ పాళ్లు చెదిరిపోతాయి.

అదే కారణంతో, ఆవకాయ పొట్లం హోటల్ గదిలోనే ఉంచి రండి. కారం తగలక నాలుక చప్పబడినట్టు మొదటి రెండు గుక్కల్లో అనిపిస్తుంది. మూడో గుక్కలో మాంసం వెనక ఎండుచేప, దాని వెనక కొంబు అనే సముద్రపు నాచు, ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. ఆ మూడు గుక్కల దాకా ఓపిక పట్టండి.

ఇక చప్పుడు. నేను ఎక్కువగా పోట్లాడేది దీని దగ్గరే. నూడుల్స్‌ను చాప్‌స్టిక్స్‌తో నాలుగైదు పోగులు ఎత్తి, పెదాలకు ఆనించి, గాలితో సహా జుర్రుమని లోపలికి లాగాలి. ఊదుకుంటూ కూర్చుంటే బిగువు పోతుంది. జుర్రితే పోగుతో పాటు లోపలికెళ్లే గాలి వేడిని తగ్గిస్తుంది, వాసనను నోట్లోంచి ముక్కు దాకా మోసుకెళ్తుంది. పోగుకు అంటుకున్న సూప్ కూడా జారిపోకుండా లోపలికొస్తుంది. కొరికి సగం గిన్నెలోకి వదలకండి. మనవాళ్లు సిగ్గుతో పెదాలు బిగించి నమిలేస్తుంటే నాకు బాధేస్తుంది. ఈ విద్య మనది కాదా? మా తాతయ్య పెళ్లి బంతిలో అన్నానికి కట్ట కట్టి, విస్తట్లో చారు పారకుండా ఆపి, అరచేతిలోకి తీసుకుని జుర్రితే నాలుగు విస్తళ్ల అవతలికి వినిపించేది. పాయసం దగ్గరికొస్తే ఇంకా గట్టిగా. ఆ చప్పుడు ముతక అని మనకు ఎవరో చెప్పారు, మనం నమ్మి మానేశాం. టోక్యోలో సూటు వేసుకున్న పెద్దమనుషులు వరసగా కూర్చుని జుర్రుతారు. వాళ్ల మధ్య కూర్చుని తాతయ్యను గుర్తు చేసుకోండి.

ఫోటో ఒక్కటి చాలు. కొన్నిచోట్ల అదీ ఒప్పుకోరు. పక్కవారి గిన్నె రుచి చూడకండి, మీది పెట్టకండి. ఇద్దరికి ఒక గిన్నె అసలే అడగకండి. తలకొక గిన్నె అక్కడ పద్ధతి.

అన్నం పారేయకూడదని పెరిగినవాళ్లం కాబట్టి సూప్ వదిలేయమంటే మా అత్తయ్యకు కోపం వచ్చింది. అయినా వదిలేయండి. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గిన్నె అడుగంటా తాగితే ఆ లెక్క ఒక్క పూటలోనే దాటిపోవచ్చు. బీపీ ఉన్నవాళ్లకు నేను చేతులు జోడించి చెబుతున్నాను, నూడుల్స్ ఒక్క పోగు మిగల్చకండి, సూప్ సగం మిగల్చండి.

శాకాహారులైతే ఈ హోటళ్లకు వెళ్లవద్దు. మాంసం ముక్కలు తీసేసి ఇవ్వమని అడగడం దండగ. కూరగాయల రామెన్‌లో కూడా సూప్ సాధారణంగా పంది ఎముకలతోనో, కోడితోనో, ఎండుచేపలతోనో మరిగి ఉంటుంది. టోక్యో స్టేషన్ లోపల టీస్ తాన్‌తాన్ ఉంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వాడరు. అక్కడికి వెళ్లండి, తక్కువైనదేమీ ఉండదు.

చివరి పోగు అయిపోగానే లేవండి. పెళ్లిలో మన కుర్చీ వెనక రెండో బంతివాళ్లు నిలబడితే మెతుకు మింగుడు పడదు కదా, ఇక్కడ ఆ రెండో బంతి వీధి మలుపు దాకా నిలబడి ఉంటుంది. గిన్నె ఎత్తి ఎదుటి అరుగు మీద పెట్టండి. అక్కడున్న గుడ్డతో మీ ముందు తుడవండి. టిప్పు పెట్టకండి, వెంటపడి తిరిగి ఇచ్చేస్తారు. వంటాయన వైపు చూసి "గొచిసోసమ" అనండి, ఈ పూట మంచి భోజనం పెట్టారని. వంచిన తల ఎత్తకుండానే ఆయన బదులు చెబుతాడు.

మీరెవరైనా ఇటు వస్తే నాకు కబురు పెట్టండి. క్యూ మొదటి నుంచి చివరిదాకా మీతో పాటే నిలబడతాను. లోపలికి మాత్రం మీరొక్కరే వెళ్లాలి.