చేరితే చిటిక, విడిపించుకుంటే వేట

జనగామలో కూరగాయల బేరంలో రూపాయి వదలని మనిషి, ఫోన్ నెలనెలా కోసుకుపోయే చందాను మాత్రం నిలదీయడు. అది ఎక్కడుందో కనిపిస్తే కదా! చేరడానికి ఒక్క నొక్కు. బయటపడాలంటే ప్లే స్టోర్, ప్రొఫైల్ బొమ్మ, పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్... భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు ఇంతకంటే పైనే దొరుకుతుంది. మానుకోటలో యాప్ తీసేసి పీడ వదిలిందనుకుంటే, వదిలింది బొమ్మే, కోత కాదు. దానికి యూపీఐ ఆటోపేలోనూ వెతకాలి.

కోతకు 24 గంటల ముందే కబురు రావాలని రిజర్వు బ్యాంకు చెప్పిందిగా అంటారు. చెప్పింది, 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. కబురూ వస్తుంది, లోన్ ఆఫర్ల గుంపులో తలదాచుకుని. 15 వేల దాకా ప్రతి నెలా ఓటీపీ అడిగే పనీ లేదు. చందా ఉచ్చు సహా 13 మాయదారి ఎత్తులను కేంద్రం 2023 నవంబరులోనే నిషేధించింది కదా అనేవారూ ఉన్నారు. నిజమే, నిషేధం వెతకకుండానే దొరుకుతుంది. రద్దు మీటే దొరకదు. తీరా దొరికి నొక్కితే, 'వెళ్లిపోతారా? మూడు నెలలు సగం ధరకే' అంటుంది. మరి ఇన్నాళ్లూ తీసుకున్న మిగతా సగం దేనికో!