క్వాంటం నేర్పబడును, డెమో ఉచితం

కోచింగ్ సెంటర్ బోర్డు మీద పాత రంగు ఆరనేలేదు, కొత్త సరుకు దిగింది. నిన్నటిదాకా డేటా సైన్స్ అన్న నోరే ఇవాళ క్యూబిట్ అంటోంది. ఫ్లెక్సీ మారింది. ఫ్యాకల్టీ వాళ్లే. ఫీజా? అది మాత్రం కిందికి దిగదు.

ఢిల్లీ వాళ్లు 2023లో జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేశారు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల యంత్రాలు కట్టాలట. (మామూలు కంప్యూటర్‌కు బిట్ ఎలాగో, క్వాంటం కంప్యూటర్‌కు క్యూబిట్ అలాగ.) 2025లో అమరావతికి ‘క్వాంటం వ్యాలీ’ ప్రకటించారు. ఐబీఎం యంత్రం. 156 క్యూబిట్లు. అబ్బో! సంతోషం. మరి దాని ముందు కూర్చోబోయే పిల్లాడికి మొదటి పాఠం ఎవరు చెబుతారు? వాడు ఏ పుస్తకం తెరవాలి? ఈ ముక్క అడిగి చూడండి. చప్పట్లు ఠక్కున ఆగిపోతాయి.

సరే, యూట్యూబే దిక్కనుకుందాం. తెరవగానే ఓ నాణెం గిర్రున తిరుగుతుంది. బొమ్మా బొరుసూ ఒకేసారట! అందుకే క్వాంటం కంప్యూటర్ జవాబులన్నీ ఒకేసారి చూసేస్తుందట! పచ్చి కోత. కొలిచాక చేతికొచ్చేది ఒక్కటంటే ఒక్క జవాబు. తప్పు దారులు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైన దారి బలపడేలా లెక్క అల్లడమే అసలు విద్య. నాణేన్ని ఒకసారి ఎగరేస్తే బొమ్మో బొరుసో తెలీదు. రెండోసారి ఎగరేసినా తెలీదు. అదే క్యూబిట్ మీద, దాన్ని రెండు స్థితుల కలయికలోకి నెట్టే హాడమార్డ్ గేటును వరుసగా రెండుసార్లు వేయండి. మొదలెట్టిన స్థితికే తిరిగొచ్చి కూర్చుంటుంది! ఎందుకు? ఆ గేటు మాత్రికలో ఒక మైనస్ గుర్తుంది కాబట్టి. సగం శాస్త్రం ఆ మైనస్‌లోనే ఉంది. అది చెప్పాలంటే బోర్డు మీద రెండు వరుసల మాత్రిక రాయాలి. రాస్తే వ్యూస్ పడిపోతాయి మహాప్రభో! అందుకని నాణెమే తిరుగుతోంది.

ఇంకో బ్యాచ్ ఉంది. భయపెట్టే బ్యాచ్. మీ బ్యాంకు ఖాతా రేపే ఖాళీ అంటారు. ఆన్‌లైన్ రహస్యాలను కాపాడే 2048 బిట్ల ఆర్ఎస్ఏ తాళం తీయడానికి పది లక్షల్లోపు క్యూబిట్లు చాలంటూ 2025లో ఓ గూగుల్ పరిశోధకుడు లెక్క తేల్చాడు. అంతకుముందు, 2019లో, ఆ లెక్క రెండు కోట్లు. 156 ఎక్కడ, పది లక్షలెక్కడ?

డబ్బు కట్టినవాడి గతి మరీ ఘోరం. సర్టిఫికెట్‌కు బంగారు అంచు ఉంటుంది. పాఠాలేమో ఏనాటివో రికార్డింగులు. 2024 ఫిబ్రవరిలో, క్వాంటం ప్రోగ్రాములు రాసే ఐబీఎం సాఫ్ట్‌వేర్ కిస్కిట్ 1.0 వచ్చింది. పాత పాఠాల్లో ప్రోగ్రామ్ నడిపే ‘ఎగ్జిక్యూట్’ ఆదేశాన్ని అందులో పీకేశారు. కుర్రాడు వీడియోలో చూసింది చూసినట్టే కొడతాడు. తెరనిండా ఎర్రక్షరాలు! వాడేమనుకుంటాడు? తన బుర్రే మొద్దనుకుంటాడు. కాదు నాయనా, నీకు అంటగట్టింది పాచిపోయిన సరుకు.

అసలు తమాషా వేరే ఉంది. మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు. ఈ విద్య గుమ్మం దాటడానికి ముందుగా కావలసినవి ఇవే. రెండూ మన ఇంటర్ ఎంపీసీలోనే ఉన్నాయి! ఉంటే ఏం? ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. కాబట్టి మాత్రిక అంటే ఏం చేస్తుందో చెప్పే తీరిక ఎవరికుంది? ఆప్షన్లు కొట్టేయ్, షార్ట్‌కట్ దంచు, తర్వాతి బిట్టుకు దూకు. ర్యాంకు వస్తుంది. పేపర్లో ఫొటో వస్తుంది. నాలుగేళ్ల తర్వాత అదే పిల్లాడికి, అదే మాత్రికను క్వాంటం గేటు పేరుతో కొత్తగా అమ్ముతారు. ఎంత చక్కని వ్యాపారం!

పోనీ, మంచి పాఠాలు లేవా? భేషుగ్గా ఉన్నాయి. ఐబీఎం 2016లోనే అయిదు క్యూబిట్ల యంత్రాన్ని క్లౌడ్‌లో అందరికీ ఉచితంగా తెరిచింది. క్వాంటం శాస్త్రవేత్త జాన్ వాట్రస్ పాఠాలు ఉచితం. 2019 నాటి ఆన్‌లైన్ పుస్తకం ‘క్వాంటం కంట్రీ’ ఉచితం. మన ఐఐటీల వాళ్లు ఎన్‌పీటెల్‌లో పెట్టినవీ ఉచితమే. ముందు వీటితో కుస్తీ పట్టనివ్వండి. ఆ తర్వాత చేతికివ్వాల్సిన నీల్సన్–చువాంగ్ మహాగ్రంథాన్ని మొదటిరోజే నెత్తిన పడేసే మేధావులకు మాత్రం ఓ దండం. పైసా ఖర్చు లేని ఈ పాఠాలు ఒక్క హోర్డింగ్ మీదైనా కనబడ్డాయా? ఎలా కనబడతాయి? వాటిలో కమీషన్ లేదు.

చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్న వీటిని తెలుగులో విప్పి చెప్పే లెక్కల మాస్టారి జీతానికి ఆ ఆరువేల కోట్లలో ఎంత తీసిపెట్టారు సార్? రిబ్బన్ కత్తిరించే చేతులకు ఈ దేశంలో ఎన్నడూ కరువు లేదు. చాక్‌పీసు పట్టే చేతికి ఒక్క పోస్టైనా ఉందా?