గోబీలో అడవి గాడిదలకు దారి వేయు విధానం

మంగోలియాలో గోబీ ఎడారికి అడ్డంగా రైలు పట్టాలో, బొగ్గు లారీల రోడ్డో వేస్తున్న పెద్దల కోసం ఈ చిట్కాలు. తక్కినవాళ్లు చదివినా ముప్పేమీ లేదు. పాటిద్దామన్నా వాళ్ల దగ్గర అంత ముళ్లతీగ ఉండదు.

మొట్టమొదట కంచె వేయండి, పట్టాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఉలాన్‌బాతర్ నుంచి చైనా సరిహద్దున ఉన్న జమీన్-ఊద్ వరకు 1950లలో వేసిన లైనును గురువుగా భావించండి. పశువులు రైలు కింద పడకూడదని దానికి రెండువైపులా కంచె కట్టారు. మంచి ఉద్దేశంతో కట్టినదాన్ని పీకెయ్యమనడానికి ఎవరికీ నోరు రాదు, అదే దాని బలం. రైలు ఇలా వచ్చి అలా వెళ్లిపోతుంది. కంచె మాత్రం రాత్రింబగళ్లు డ్యూటీలోనే ఉంటుంది. ఆ దెబ్బకు ఖులాన్ అనే ఆసియా అడవి గాడిద తూర్పు గడ్డి మైదానాలకు దూరమై పట్టాలకు పడమటే ఉండిపోయింది. ప్రపంచంలో మిగిలిన ఈ జాతిలో అత్యధిక భాగం మంగోలియాలోనే ఉంది కాబట్టి, ఒక్క కంచెతో ఎంత పని జరిగిందో ఊహించుకోండి.

కింది తీగను నేలకు ఆనించి బిగించడం మరవకండి. ఖులాన్ కంచె దూకే రకం కాదు. మంగోలియా గజెల్, అంటే అక్కడి జింక, కింద సందు దొరికితే పాకి అవతలికి పోవాలని చూస్తుంది. ఆ సందు ఇవ్వకండి. చలికాలంలో రైలు కంచె వెంబడి గజెల్ కళేబరాలను పరిశోధకులు లెక్కపెట్టారు. అవతల మేత ఉంది, ఇవతల ఆకలి ఉంది, నడుమ మీ తీగ ఉంది. ఆ లెక్కను పనితనానికి దక్కిన సర్టిఫికెట్టు అనుకుని ఫైల్లో పెట్టుకోండి.

ఇక జంతువుల దారి. కారిడార్ లేకుండా ప్రాజెక్టుకు అనుమతి రాదంటారు గనక, మ్యాపు పరిచి స్కేలు పెట్టి ఒక గీత గీయండి. నాలుగైదు గాడిదల మెడకు జీపీఎస్ పట్టీలు వేసి, ఒక్క ఏడాది అవి తిరిగిన చోటును వాటి శాశ్వత చిరునామాగా రాసేసుకోండి. శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ఒక్కో ఖులాన్ ఏడాదిలో వేల చదరపు కిలోమీటర్లు తిరుగుతుందనీ, వాన ఈ ఏడు ఇక్కడ పడితే వచ్చే ఏడు ఇంకెక్కడో పడుతుందనీ, గడ్డి ఎటుంటే మంద అటు పోతుందనీ, అందుకని గోబీలో ఒక దారి కాదు, నేలంతా తెరిచి ఉండాలనీ వాదిస్తారు. నేలంతా తెరిచి ఉంచితే బోర్డు ఎక్కడ పాతుతారో వాళ్లనే అడగండి.

వాతావరణం మారుతోందని ఎవరైనా భయపెడితే ఏం చెప్పాలో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్లు తడబడేది ఇక్కడే. 1940 నుంచి మంగోలియాలో సగటు ఉష్ణోగ్రత 2 డిగ్రీలకు పైగా పెరిగింది. ఎండాకాలం కరవొచ్చి గడ్డి ఎదగక, ఆ వెంటనే ఘోరమైన చలికాలం వస్తే దాన్ని అక్కడివాళ్లు జుద్ అంటారు. మంచు లోతుగా పడితే తెల్ల జుద్. మంచు అసలే పడక తాగడానికి చుక్క లేకపోతే నల్ల జుద్. కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి గడ్డిపై పలకలా పరుచుకుంటే ఇనుప జుద్. 2009-10 చలికాలంలో 80 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. ఆ ఏడాది నైరుతిన ఉన్న గ్రేట్ గోబీ ‘బి’ రక్షిత ప్రాంతంలో ఒక పరీక్ష జరిగింది, ఎవరూ పెట్టకుండానే. అంతరించిన చోటికి మళ్లీ తెచ్చి వదిలిన తాఖీ అనే అడవి గుర్రాలు తమ చిన్న మేత పరిధిని పట్టుకుని ఉండి దాదాపు 60 శాతం చనిపోయాయి. ఖులాన్‌లు మాత్రం మంచు తక్కువున్న చోటికి తరలిపోయి బతికిపోయాయి. దీన్నిబట్టి మీరు నేర్చుకోవలసింది ఏమిటంటే, గుర్రం క్రమశిక్షణ గలది, గాడిద కాదు. గాడిదలకు క్రమశిక్షణ నేర్పే బాధ్యత కంచెది.

వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని ఎవరైనా గుర్తుచేస్తే కంగారుపడకండి. ఆయనకు టెండరు రాలేదు.

దాటడానికి వంతెన కట్టక తప్పకపోతే పట్టాల కింద ఇరుకైన తూము కట్టండి. లోపల ఎంత చీకటిగా ఉంటే అంత మేలు. మైదానంలో బతికే జంతువు అవతలి వెలుగు కనబడనిదే లోపలికి రాదు. అయినా ధైర్యం చేసి వస్తుందేమోనని, తూము దగ్గరే ఒక బావి తవ్వించి కాపరుల గుడారం వేయించండి. కశ్మీరీ ఉన్ని మేకలు, వాటి వెంట కుక్కలు వచ్చి చేరితే మీరు వేరే కాపలా పెట్టనక్కర్లేదు. ఎండిన వాగుల్లో గిట్టలతో గుంట తవ్వి నీళ్లు తాగే జంతువుకు మీ బావి ఎందుకని అడిగేవాళ్లుంటారు. అది మేకల సంక్షేమ పథకమని చెప్పండి. రోడ్లు, రైలు మార్గాల మీద జంతువులు దాటే చోట్లకు మంగోలియా 2015లో ప్రమాణాలు తెచ్చింది. ఆ పుస్తకాన్ని అట్ట వేయించి అందరికీ కనబడేలా బీరువాలో పెట్టండి, తాళం మీ దగ్గర ఉంచుకోండి.

ఒక్క ప్రమాదం గురించి హెచ్చరించాలి. రైల్వే కంచెను కొంత మేర తీసేసిన చోట ఖులాన్‌లు పట్టాలు దాటి, 65 ఏళ్ల తర్వాత తూర్పు మైదానంలో అడుగుపెట్టాయని 2025లో వార్త వచ్చింది. వంతెన లేదు, తూము లేదు, శంకుస్థాపన రాయి కూడా లేదు. ఉన్న తీగ తీశారు, అంతే. ఇలాంటి పనికి ఎస్టిమేటు ఎవరు వేస్తారు, వేస్తే అందులో ఎన్ని సున్నాలుంటాయి? ఈ వార్త పట్టుకుని ఎవరైనా మీ ఆఫీసుకు వస్తే కూర్చోబెట్టి టీ ఇప్పించండి. అవి దారి తప్పి అటు వెళ్లాయనీ, వెనక్కి రాకుండా చూస్తే తప్ప వాటికి క్షేమం కాదనీ నచ్చజెప్పి, కొత్త తీగచుట్టల ఆర్డరు మీద సాక్షి సంతకం వాళ్లచేతే పెట్టించుకోండి.