బాణమొదలకుండ: ఒక ఆటవెలదికి టీకాతాత్పర్యం

అవతారిక

శృంగవరపుకోటలో బస్సు దిగినవాడు అరకు రోడ్డు పడితే అనంతగిరి ఘాట్, పుణ్యగిరి వైపు మళ్లితే శివుడి సన్నిధి. ఎటు పోయినా కొండే. ఇంత కొండని ఎదురుగా పెట్టుకున్న ఊరికి వేట మీద ఒక్క పద్యమైనా లేకపోతే బాగోదని ఎవరో ఈ ఆటవెలది చెప్పారు. కర్త ఎవరో తెలియదు. కాలనిర్ణయం మాత్రం సులువు. మూడో పాదంలో బైనాక్యులర్ ఉంది, నాలుగో పాదంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కాబట్టి పద్యం నన్నయ నాటిది కాదనడంలో పండితులకు పేచీ లేదు.

మూలం

ఆ. గాలి చూసి కదులు, గట్టున నిలబడి
దూరమెంతొ లెక్క తూచి చూడు,
అద్దమెత్తి కొమ్ములన్నియు లెక్కించి
బాణమొదలకుండ బాట పట్టు.

ప్రతిపదార్థం

గాలి చూసి = గాలి ఎటునుంచి ఎటు పోతోందో కనిపెట్టి; కదులు = అడుగు వెయ్యి; గట్టున నిలబడి = కొండవాలు మీద కాలు నిలదొక్కుకుని; దూరమెంతొ = నీకూ దుప్పికీ నడుమ ఎడమెంతో; లెక్క తూచి చూడు = లెక్కగట్టి, బరువు కూడా తూచి చూసుకో; అద్దమెత్తి = బైనాక్యులర్ కంటికెత్తి; కొమ్ములన్నియు లెక్కించి = కొమ్ములకున్న కొనలన్నీ లెక్కపెట్టి; బాణమొదలకుండ = బాణము ఒదలకుండానే; బాట పట్టు = వచ్చిన దారినే పో.

తాత్పర్యం

ఓ వేటగాడా! వేటకి కావలసినవన్నీ నేర్చుకో, అన్నీ కొనుక్కో, అన్నీ చెయ్యి. ఒక్క వేట మాత్రం చెయ్యకు.

విశేషాలు

మొదటి పాదంలో కవి కంటి కంటే ముందు ముక్కును తలచాడు. తన ముక్కు కాదు, దుప్పి ముక్కు. మనిషి చెట్టుచాటున ఎంత బాగా నక్కినా గాలి అతని వాసనను ముందే మోసుకుపోతుంది. కొండ మీద గాలికి వేళాపాళా ఉన్నాయి. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి తెల్లవారుజామున వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ తగిలి రాయి వేడెక్కాక అదే గాలి పైకి లేస్తుంది. అంచేత పొద్దున్నే అయితే దుప్పికి దిగువ నుంచి, పొద్దెక్కాక అయితే ఎగువ నుంచి దగ్గరకావాలి. గాలి వాటం తెలియడానికి చిటికెడు విబూది ఎగరేసి చూస్తే చాలు. చుట్ట పొగ చూసి తెలుసుకుంటామనేవారు మా వైపు ఉన్నారు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటైన ముసలమ్మ కూర్చుంటే నిప్పు కనపడదు గాని వాసన ఆగదు, దుప్పి ఆగదు.

ఇక్కడే బట్టల రంగు గురించీ చెప్పుకోవాలి. మనిషి కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, దుప్పి కంట్లో రెండే. ఎరుపూ నారింజా దానికి వెలిసిపోయిన రంగులుగా కనిపిస్తాయి, నీలం మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అమెరికాలో వేటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా నారింజ రంగు జాకెట్లు తొడుక్కుంటారు. మనిషికి అల్లంత దూరం నుంచే తెలుస్తుంది, దుప్పికి తెలియదు. కనక నీలం లుంగీ కట్టుకుని అడవికి పోవద్దు. తెల్లచొక్కాకి నీలిమందు, మెరుపునిచ్చే సబ్బుపొడీ పెట్టి ఉతికినా అంతే, మన కంటికి తెలుపు, దాని కంటికి తళుకు. ఋష్యాశ్రమాల్లో జింకలు బెదరకుండా తిరిగేవని కావ్యాల్లో వర్ణిస్తారు. అది తపోమహిమ కావచ్చు, కాషాయ మహిమ కూడా కావచ్చు. శివరాత్రికి పుణ్యగిరి ఎక్కే భక్తులు ఆలోచించవలసిన విషయం.

రెండో పాదంలో "తూచి" అన్నది యతి కోసం వేసిన మాట అని తేలిగ్గా తీసెయ్యకూడదు. బాణానికి దూరమూ కావాలి, బరువూ కావాలి. వేటబాణం బరువు నాలుగు వందల గ్రెయిన్లని కంపెనీవాళ్లు రాస్తారు. అంటే దాదాపు ఇరవయ్యారు గ్రాములు, రెండు తులాల పైచిలుకు. తేలిక బాణం తిన్నగా పోతుంది, బరువు బాణం తొందరగా వాలిపోతుంది గాని లోతుగా దిగుతుంది. దూరం చెప్పడానికి లేజర్ యంత్రాలొచ్చాయి. కాని "గట్టున నిలబడి" అని మొదటి పాదం చివర కవి ఊరికే అనలేదు. ఘాట్‌లో నిలబడి ముప్పై డిగ్రీల వాలు మీద దుప్పిని చూస్తే యంత్రం నలభై మీటర్లంటుంది. భూమ్యాకర్షణ లాగేది అడ్డంగా కొలిచిన దూరానికే, అంటే సుమారు ముప్పై అయిదు మీటర్లకి. నలభైకి గురి పెట్టినవాడి బాణం దుప్పి వీపు మీదుగా ఎగిరిపోతుంది. పైకి కొట్టినా కిందికి కొట్టినా ఇదే తప్పు, అదే దిక్కుకి. ఈ కోణం లెక్క తనే కట్టి చెప్పే యంత్రాలూ ఉన్నాయి. కొనేవాడు పెట్టె మీద ఆ సంగతి ఉందో లేదో చూసుకోవాలి.

అంతా సరిగ్గా కుదిరినా ఇంకో చిక్కు ఉంది. ముప్పై మీటర్ల దూరం పోవడానికి మంచి విల్లు నుంచి వెలువడ్డ బాణానికి సెకనులో మూడో వంతు దాటుతుంది. నారి చప్పుడు పదో వంతు లోపే దుప్పి చెవిన పడుతుంది. ఆ మిగిలిన వ్యవధిలో దుప్పి ఉరకడానికి నడుం కిందికి దించుతుంది, బాణం పైనుంచి పోతుంది. దానికి బాణం సంగతి తెలియదు, చప్పుడు సంగతే తెలుసు.

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. బైనాక్యులర్ మీద 8x42 అని ఉంటుంది. మొదటి అంకె ఎన్నింతలు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందరి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే అయిదుంపావు వస్తుంది. కంటికి చేరే వెలుతురు బిళ్ల వెడల్పు అది. కుర్రవాడి కనుపాప చీకట్లో ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసు మీదపడ్డ కొద్దీ అంత విచ్చుకోదు. అంచేత దుప్పులు బయటికొచ్చే మసక వేళకి 10x42 కంటే 8x42 మేలు. పదింతలు చూపించేది చేతివణుకుని కూడా పదింతలు చూపిస్తుంది. షాపువాడు పెద్ద అంకె చూపించి పెద్ద ధర చెబితే ఈ భాగహారం అక్కడే కట్టి చూపించండి.

ఇక పురాణ ప్రమాణాలు. దశరథుడు శబ్దభేది నేర్చినవాడు. చీకట్లో కుండ నిండుతున్న చప్పుడు విని ఏనుగనుకుని కొట్టాడు, ముని కుమారుడు పడ్డాడు. జరుడనే బోయవాడు పొదలో కదిలిన పాదాన్ని జింక అనుకున్నాడు, అది శ్రీకృష్ణుడి పాదం. ఈ రెండు కేసుల్లోనూ విలువిద్యలో లోపమేమీ లేదు, గురి తప్పలేదు. చూపు తప్పింది. ఇద్దరి మెడలోనూ ఒక బైనాక్యులర్ వేలాడి ఉంటే రామాయణం అయోధ్య దాటేది కాదు. "కొమ్ములన్నియు లెక్కించి" అన్న విధి అందుకే. మగ చుక్కల దుప్పికి ఒక్కో కొమ్ముకి మూడేసి కొనలు, కణుజుకీ అంతే. ఏటేటా ఊడి మళ్లీ మొలుస్తాయి. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకవి కొమ్మలు వేయని మెలికల కొమ్ములు, ఊడవు. ఆరు కొనలూ లెక్కకొచ్చేదాకా చూసినవాడు పొదలో మనిషి కాలిని జింక అనుకోడు.

అయితే పాండురాజు మాటేమిటని శంక. ఆయన చంపింది నిజంగా దుప్పి రూపంలోనే ఉన్న కిందముడనే మునిని. ఎంత ఖరీదైన జర్మన్ అద్దం పెట్టినా దుప్పే కనిపిస్తుంది. వేట రాజధర్మమని పాండురాజు వాదించాడు కూడా, శాపం ఆగలేదు. ఆ కేసుకి అద్దంతో మందు లేదు. నాలుగో పాదమే మందు.

నాలుగో పాదానికి ఒక పాఠాంతరం ఉంది: "బాణమొదిలి వంట పాత్ర వెతుకు". యతి కుదిరింది, గణాలు సరిపోయాయి. ఛందస్సు చూస్తే రెండూ నిలుస్తాయి, చట్టం చూస్తే ఒక్కటే నిలుస్తుంది. వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వల పన్నినా, ఉచ్చు వేసినా, తరిమినా, ఎర పెట్టినా, గాయపరిచినా, ఇవేవీ కుదరక వట్టి ప్రయత్నం చేసినా వేటే. కృష్ణజింక వంటి మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. చచ్చిన దుప్పి సర్కారు సొత్తు, దాని మాంసమూ సర్కారుదే. కాబట్టి పాత్ర వెతికినా అందులో వెయ్యడానికేమీ ఉండదు.

ఈ రెండో పాఠానికి టెక్సస్‌లో ప్రచారం ఉంది. మన చుక్కల దుప్పినే 1932లో అక్కడికి పట్టుకెళ్లి వదిలారు. అది పెరిగి మందలు మందలైంది. బయటి దేశపు జంతువు కనక లైసెన్సు ఉన్నవాడు స్థలం యజమాని ఒప్పుకుంటే ఏడాది పొడుగునా కొట్టుకోవచ్చు, ఇన్నే అన్న లెక్క లేదు. ఒకటే దుప్పి, అనంతగిరిలో ఉంటే చట్టం కాపలా, ఆస్టిన్ పక్కన ఉంటే కూర. అక్కడి మనవాళ్లు ఫోటోలు పంపితే ఇక్కడివాళ్లు పాఠాంతరం బాగుందనడం సహజం. పాఠాన్ని ఊరిని బట్టి చదువుకోవాలి.

"బాణమొదలకుండ" అన్నదానికి దుర్వ్యాఖ్య ఒకటి ప్రమాదకరమైనది. బాణం పెట్టకుండా ఖాళీ నారి లాగి వదలమని దీని భావం కాదు. అలా వదిలితే బాణం మొయ్యాల్సిన బలమంతా విల్లులోకే తిరిగివస్తుంది. విల్లు పగులుతుంది, ముఖమూ పగలొచ్చు. ఎక్కుపెట్టిన నారిని మెల్లగా వెనక్కి దించడమే ఇక్కడి విధి. వెదురు విల్లుతో ఇది కష్టం, పూర్తిగా లాగాక భుజం ఎక్కువసేపు ఆగదు. అమెరికాలో హోలిస్ ఆలెన్ అనే ఆయన విల్లు కొసలకి చక్రాలు బిగించి కాంపౌండ్ విల్లు చేశాడు. 1969లో పేటెంటొచ్చింది. ఇప్పటి అరవై పౌన్ల కాంపౌండ్ విల్లు పూర్తిగా లాగేసరికి చేతిలో పన్నెండు పౌన్లే ఉంటుంది. అంటే ఎక్కుపెట్టి, నిదానంగా ఆలోచించి, మనసు మార్చుకోవడానికి వ్యవధి ఇచ్చే విల్లు అది. మన కవి దీన్ని చూసే ఉంటాడు.

వదలకపోతే తోచదనేవారికి బెజవాడలో దారి చూపించారు. వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతోనే 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. యాభై మీటర్ల అవతల పది పాయింట్ల వలయం ఎనిమిది సెంటీమీటర్లు, ఓ మోస్తరు గారెంత. ఆ గారె ఉరకదు, చట్టానికి అభ్యంతరమూ లేదు.

చివరి శంక

"ఏటి బావూ! ఇంత సేసి ఒట్టి సేతుల్తో ఎల్లిపోమంతావేటి? ఇటుకల పండక్కి ఆడోళ్లు ఊరుకుంతారేటి?"

శంక బలమైనదే. చైత్రమాసంలో అరకు, అనంతగిరి గూడేల్లో ఇటుకల పండగ జరుగుతుంది. మగవాళ్లు విల్లంబులతో అడవికి పోతారు. ఏమీ కొట్టకుండా తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి గేలిచేస్తారు. నాలుగో పాదం ప్రకారం నడిచినవాడికి పేడనీళ్లు తప్పవు, పాఠాంతరం ప్రకారం నడిచినవాడికి ఫారెస్టువాళ్లు తప్పరు. రెండింటిలో ఏది మేలో టీకాకారుడు నిష్పక్షపాతంగా తూచి చూశాడు. పేడనీళ్లు గోస్థనిలో ఓ మునకతో పోతాయి.

ఇంక విల్లు పట్టనివాడి సంగతి. ఆ పండగ రోజుల్లో ఘాట్ ఎక్కితే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, పండగ డబ్బులు అడుగుతారు. మలుపుకో కర్ర ఉంటుంది. పది రూపాయల నోట్లు శృంగవరపుకోటలోనే మార్చుకుని ఎక్కండి. కొండ మీద సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే అంటే కర్ర లేవదు.