నూకలు

విజయవాడ పటమటలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మూడో అంతస్తులో ఫ్లాటు, అందులో ఒక పర్షియన్ పిల్లి. పేరు సింబా. దాని ఖరీదు వింటే తండ్రి ఊరుకోడు. అందుకే పిల్లి సంగతి ఊళ్ళో చెప్పలేదు.

డబ్బా తిండి మీద అతనికి గురి పోయింది. టారిన్ చాలక పిల్లుల గుండె కండరం దెబ్బతింటోందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారని చదివాడు. ఆ తర్వాత కంపెనీలు టారిన్ పాళ్ళు పెంచాయని ఆ కిందే ఉంది. అంతదూరం చదవలేదు.

ఎలుక ఒంట్లో టారిన్ పుష్కలం. బాల్కనీలో ప్లాస్టిక్ తొట్లు పెట్టి తెల్ల ఎలుకల్ని పెంచడం మొదలెట్టాడు. మూడు వారాలకో ఈత. సింబాకు పచ్చిగానే పెట్టేవాడు.

ఎలుక ఏది తింటే సింబా అది తిన్నట్టే లెక్క. కొట్లో నూకలకు ఏ పురుగుమందు తగిలిందో ఎవరికి తెలుసు? అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉన్న తండ్రికి ఫోన్ చేశాడు.

"నాన్నా, మన నూకలు కొంచెం పంపించు."

"ఉప్మాకా?"

"కాదు, ఎలకలకి."

"ఎన్నున్నాయేంటి?"

"ఇరవై దాకా. నెల తిరిగితే యాభై అవుతాయి."

"మూడో అంతస్తులో కూడానా!" అన్నాడు ముసలాయన. "రేపే పంపిస్తా."

ఆర్టీసీ కార్గోలో అట్టపెట్టె వచ్చింది. నూకలు సంచిలో లేవు, పొట్లాల్లో ఉన్నాయి. పాత పేపరు చింపి కట్టిన చిన్న చిన్న పొట్లాలు. ఒకటి తూకం వేశాడు. పది గ్రాములు. ఇంకొకటి వేశాడు. పది. విప్పితే వేళ్ళకు జిడ్డు తగిలింది. నూకలకు నూనె కూడా పట్టించాడు.

"ఇంత లెక్కగా! మా నాన్నకి ఎవరు చెప్పారంటావ్?" అని భార్యకు చూపించాడు.

తొట్టికో పొట్లం వేశాడు. ఎలుకలు ఎగబడ్డాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడు వాటిలో ఒళ్ళు చేసినదాన్ని తీసి సింబాకు పెట్టాడు. తోక కూడా మిగల్లేదు.

సాయంత్రం తండ్రి ఫోన్.

"పొట్లాలు పెట్టావుట్రా?"

"పెట్టాను నాన్నా. ఒక్క గింజ వదల్లేదు."

"వదలవు. నూనె వాసనకి బొరియలోంచి లేచొస్తాయి. బ్రోమోడయోలోన్ నేనే కలిపాను, కిలోకి ఇరవై గ్రాములు. వ్యవసాయాఫీసు వాళ్ళు చెప్పిన లెక్కే. ఇంకా ఒక్కటీ చావలేదేమని కంగారుపడకు. అది నిదానంగా పనిచేసే మందు. నాలుగైదు రోజులు పడుతుంది."

ఇటునుంచి మాట లేదు.

"అయినా ఎన్నాళ్ళని మందు పెడతావురా? ఓ పిల్లిని పెంచుకోరాదూ!"